కూర్మస్వామికి ఈత రాదు

భీమశంకరరావు ఆ తాబేలుపిల్లను ఇంటికి తెచ్చిన రోజునే కామేశ్వరికి ఒళ్ళు మండింది. తాబేలు మీద కాదు. అరచేతిలో సగం కూడా లేని ఆ ప్రాణి మీద ఎవరికైనా కోపం ఎలా వస్తుంది? నల్లటి డిప్ప, దాని మీద గడిగడికీ ఒక నక్షత్రం పొడిచినట్టు పసుప్పచ్చ చారలు. వేలు ఆనిస్తే తల లోపలికి లాక్కుని, కాసేపాగి మెల్లిగా బయటపెట్టి, ఎవరీ కొత్త మనిషి అన్నట్టు చూసింది. కోపమంతా మొగుడి మీద. ఆయన చొక్కా అయినా విప్పకుండా అటక మీంచి ఇత్తడి గంగాళం దింపించి, సగానికి పైగా నీళ్ళు పోయించి, అందులో దాన్ని వదిలాడు.

"ఉత్తరం దిక్కున నీళ్ళలో కూర్మం తిరుగుతుంటే ఆ ఇంటికి తిరుగుండదు," అన్నాడు. "ఎలమంచిలి స్టేషన్లో ఎవడో బుట్టలో పెట్టి అమ్ముతున్నాడు. బండి ఆగింది రెండు నిమిషాలు. మన కోసమే ఆగినట్టు లేదూ?"

"వాడి బుట్టలో నీళ్ళున్నాయా?" అని అడిగింది కామేశ్వరి.

"బుట్టలో నీళ్ళెలా నిలుస్తాయే?"

"అదే నేనూ అడుగుతున్నాను. వాడు ఎండుగడ్డిలో పెట్టి అమ్మాడు. మీరు నీళ్ళలో ఎందుకు వేశారు?"

ఆయన అప్పుడు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. పోర్టు దగ్గర ఓడల సరుకు విడిపించే ఒక ఏజెన్సీలో ఆయన హెడ్‌క్లర్కు. ఫైల్లో లేని ప్రశ్నలకి జవాబు చెప్పే అలవాటు ఆయనకి ఎన్నడూ లేదు. అమలాపురం నుంచి వచ్చి విశాఖపట్నంలో పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు వచ్చే సంక్రాంతి నాటికి రిటైరవుతున్నాడు. ఆ మేనేజరు గది ఈయనకి కావాలి. అందుకు పని బాగా చెయ్యడం, యజమానిని నోరు తెరిచి అడగడం లాంటి మార్గాలు కొన్ని ఉన్నాయి. ఆయన తాబేలును ఎంచుకున్నాడు.

మహారాణిపేటలో వాళ్ళుండేది ఒక మేడ కింది వాటా. కొడుకు కాకినాడ హాస్టల్లో చదువుకుంటున్నాడు. కనుక స్వామివారి సేవంతా కామేశ్వరి నెత్తిన పడింది. ఆ సేవ ఏమిటో ఆయనే చెప్పాడు. పొద్దున్నే డిప్పకి నువ్వులనూనె రాసి, పైన కుంకుమ బొట్టు పెట్టాలి. నైవేద్యానికి పాలు, శనివారం పరమాన్నం. పాలసముద్రంలో కొండని మోసిన స్వామికి పాలు పడకపోవడమేమిటని ఆయన వాదన. వీధిలో ఆడవాళ్ళు పేరంటానికి వచ్చినట్టు వచ్చి, గంగాళం చుట్టూ నిలబడి దణ్ణాలు పెట్టి వెళ్ళేవారు. ఒక్కరంటే ఒక్కరు దాని మొహం చూడలేదు.

కామేశ్వరి చూసింది. మూడో వారానికి దాని కళ్ళు రెండూ ఉబ్బి మూసుకుపోయాయి. ముక్కులోంచి సబ్బునీళ్ళలా బుడగలు వచ్చేవి. మెడ పైకి చాచి, గంగాళం అంచుని గోళ్ళతో గీరుతూ ఉండేది. గీరీ గీరీ అలిసి ఆగేది. ఆ చప్పుడు వంటింట్లోకి వినపడుతూ ఉంటే ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి చూసేది. డిప్ప అంచు నొక్కితే తడిసిన అట్టలా మెత్తగా తగిలింది.

"స్వామి ధ్యానంలో ఉన్నాడు," అన్నాడు భీమశంకరరావు, మూసుకున్న కళ్ళు చూసి.

ఆ మాటకి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తాబేలంటే ఏం తింటుందో, ఎక్కడ ఉంటుందో ఆవిడకి మాత్రం ఏం తెలుసు?

మేడ మీద ఇంటివాళ్ళకి చేపలు అమ్మడానికి జాలరిపేట నుంచి పోతమ్మ వచ్చేది. వీళ్ళు శాకాహారులని బుట్ట గేటు బయటే దించి, వరండా మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగి పోయేది. ఆ రోజు కామేశ్వరి గంగాళం ఎత్తుకొచ్చి పోతమ్మ ముందు పెట్టింది. సముద్రం మనిషి కదా, తెలిసుంటుందని.

పోతమ్మ ఒక్క చూపు చూసి, చెయ్యి పెట్టి దాన్ని తీసి మెట్టు మీద పెట్టేసింది.

"ఇదేటమ్మా, దీన్ని నీల్లల్లో ఎట్టినారు? ఇది మా సముద్రం తాబేలు కాదు. మా వాటికి కాళ్ళు తెడ్లనాగుంటాయి. దీని కాళ్ళు సూడు, ఏనుక్కాళ్ళు. గోళ్ళు సూడు. ఇది మెట్టతాబేలు, డొంకల్లో గడ్డి తిని బతికే జాతి. దీనికి ఈత రాదు. నాను పుట్టిందగ్గర్నించీ నీల్లల్లో ఏది ఆడతాదో, ఏది ములుగుతాదో సూత్తన్నాను. ఇది పైకి రానేక గీరతంది."

కామేశ్వరి గంగాళం వైపు చూసింది. నెలరోజులుగా అందరూ దణ్ణాలు పెట్టింది ఒక ప్రాణి మునిగిపోకుండా పెనుగులాడుతుంటే అన్నమాట. అందులో రోజూ నీళ్ళు పోసింది తన చేతులే.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే తాబేలును చేతిగుడ్డలో చుట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరు ఎల్లారావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నిజం చెప్పేశారు. "అమ్మా, నేను గేదెలకీ ఎడ్లకీ మందిచ్చేవాణ్ణి. తాబేలును పట్టుకొచ్చిన మొదటి మనిషి మీరే. రేపు రండి, పుస్తకం చూసి ఉంచుతాను." నెల రోజుల్లో ఆవిడ చెవిన పడిన మొదటి మర్యాద అయిన మాట అది. మర్నాడు వెళ్ళేసరికి ఆయన ఒక కాగితం నిండా రాసి ఉంచారు.

పొడి నేల. పక్కలు కనపడని పెట్టె. ఒక మూల వెచ్చగా, ఒక మూల చల్లగా, ఎటు కావాలంటే అటు అది నడిచి వెళ్ళేలా. పొద్దుటి ఎండ తగలాలి, అదీ కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, నేరుగా పడాలి. పాలూ అన్నమూ తీపీ బంద్. ఆకులు, గడ్డి. నీళ్ళు తాగడానికి పళ్ళెంలో వేలెడు లోతు. డిప్ప గట్టిపడాలంటే కోడిగుడ్డు పెంకు పొడి చేసి ఆకుల మీద చల్లాలి. కంట్లో వెయ్యడానికి మందు. అంతా విని కామేశ్వరి గుడ్డుపెంకు దగ్గర ఆగింది. ఆవిడ ఇంట్లో గుడ్డు గడప దాటడం పుట్టిబుద్ధెరిగి జరగలేదు.

ఆ చిక్కూ పోతమ్మే తీర్చింది. ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్లటి సున్నపు బిళ్ళలు నాలుగు కొంగున కట్టుకొచ్చింది. సముద్రపు నురుగంటూ ఆయుర్వేదం కొట్లో అమ్మేదీ ఇదే. అరగదీసి చల్లితే సరిపోతుందన్నారు డాక్టరు గారు.

పెట్టె తయారైంది. మేడమీదివాళ్ళు పారేసిన చెక్కపెట్టె, అందులో ఎండబెట్టిన ఎర్రమట్టి, ఒక మూల అరవై క్యాండిల్ బల్బు, ఇంకో మూల దూరడానికి పగిలిన కుండపెంకు. పొద్దున్న ఆయన గేటు దాటగానే స్వామివారు గంగాళంలోంచి పెట్టెలోకి మారేవారు. నూనె తుడిచేసి, వరండాలో ఎండలో రెండు గంటలు వదిలేది. తోటకూర, పొన్నగంటికూర, మందారాకు సన్నగా తరిగి పెట్టేది. సాయంత్రం గేటు చప్పుడు వినపడేలోగా మళ్ళీ గంగాళంలోకి, వేలెడు నీళ్ళలోకి. దొంగసారా కాచేవాళ్ళు కూడా అంత భయపడుతూ పనిచేసి ఉండరు. సొంత ఇంట్లో ఒక ప్రాణికి ఎండ తగలనివ్వడానికి దొంగలా బతకాల్సి వచ్చిందేమని ఆవిడకి రోజూ కోపమే.

పదో రోజున ఎడమకన్ను తెరుచుకుంది. పన్నెండో రోజున కుడికన్ను. నల్లగా, తడిగా, ఆవగింజ కంటే కొంచెం పెద్దది. అది ఆవిడ చేతిలో తోటకూరాకు చూసి, గబగబా నాలుగడుగులు వేసి వచ్చి కొరికింది. కామేశ్వరి అక్కడే నేల మీద చతికిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఒక మధ్యాహ్నం ఆయన తలనొప్పని ముందే ఇంటికొచ్చి చూడనే చూశాడు.

"దేవుణ్ణి మట్టిలో పడేసి బల్బు కింద ఎండబెడుతున్నావా? నా పదవికి ఎసరు పెట్టావు కదే."

"దానికి ఈత రాదండీ. అది నేల మీద బతికేది. డాక్టరు గారు రాసిచ్చారు, ఇదిగో కాగితం. మీ గంగాళంలో కళ్ళు పోయాయి, ఈ పెట్టెలో తెరుచుకున్నాయి. మీరే చూడండి."

ఆయన కాగితం చూడలేదు, తాబేలు కళ్ళు మాత్రం చూశాడు. చూసి ఒక రాజీకి వచ్చాడు. వారమంతా పెట్టెలోనే ఉండొచ్చు, శనివారం పూజ మాత్రం గంగాళంలో జరగాలి. కామేశ్వరి సరేనంది. శనివారం గోరువెచ్చటి నీళ్ళు వేలెడు పోసి, పావుగంట లెక్కపెట్టుకుని తీసేసేది. తరవాత ఆయన అందరికీ ఏం చెప్పాడో తెలుసా? తన శనివారం పూజకి మెచ్చి స్వామి కళ్ళు తెరిచాడని.

ఆ మాట ఆఫీసంతా పాకింది. అక్కణ్ణించి యజమాని గంగరాజు గారి ఇంటికి పాకింది. గంగరాజు గారి పెద్దకొడుక్కి స్టీల్‌ప్లాంటులో ఇంజనీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. నాన్న కంపెనీ ఉన్నా ఆ ఉద్యోగానికుండే గౌరవం వేరు. ఆయన భార్య కనకరత్నం గారు, కళ్ళు తెరిచిన కూర్మాన్ని ఓ పదిరోజులు మా ఇంట్లో ఉంచరాదా అని అడిగింది. అడిగింది భీమశంకరరావును. సాకింది ఎవరో ఆవిడకి తెలీదు, ఆయన చెప్పలేదు.

డిసెంబరు నెల, ఆదివారం పొద్దున్న కామేశ్వరి పూర్ణామార్కెట్టు నుంచి తోటకూర కట్టలతో వచ్చేసరికి పెట్టె ఖాళీ. బల్బు మాత్రం వెలుగుతోంది. మేడ మీది ఇంటావిడ పైనుంచి చెప్పింది, మీవారు కారెక్కి వెళ్ళారు, ఎవరో పెద్దవాళ్ళ కారు, ఒళ్ళో స్వామిని పట్టుకున్నారని. ఆయన్ని కారు పంపి పిలిపించుకునే పెద్దవాళ్ళు గంగరాజు గారు తప్ప ఎవరూ లేరు. ఆవిడ సంచి అక్కడే పడేసి, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగి రిక్షా ఎక్కింది. ఆర్నెల్లుగా తను కళ్ళలో పెట్టుకుని చూసుకున్న ప్రాణిని ఇవ్వడానికి, తనతో ఒక్క మాట చెప్పాలని కూడా ఆయనకి తోచలేదు. పెట్టె తీసుకెళ్ళలేదు, కాగితం తీసుకెళ్ళలేదు. దారి పొడుగునా ఆవిడ పళ్ళు కొరుకుతూనే ఉంది.

వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో గంగరాజు గారి హాలు నిండా చుట్టాలు. మధ్యలో బల్ల మీద రంగుచేపలు పెంచే గాజుతొట్టి. చేపల్ని ఎక్కడికి పంపారో గానీ, నీళ్ళు మాత్రం మూరెడు లోతున ఉన్నాయి. పైన గులాబీ రేకులు తేలుతున్నాయి. ఆ రేకుల మధ్య నుంచి చిన్న ముక్కు పైకి లేచి, మునిగి, మళ్ళీ లేస్తోంది. ముందుకాళ్ళు రెండూ గాజుని ఆపకుండా గీరుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు జోడించి ఉన్నారు.

"ఎంత హుషారుగా ఆడతన్నాడో సూడండి సామి," అంటోంది కనకరత్నం గారు.

కామేశ్వరి ఎవర్నీ పలకరించలేదు. చేతిగాజులతో సహా మోచేతిదాకా తొట్టిలో ముంచి దాన్ని బయటికి తీసింది. నీళ్ళు చల్లగా జివ్వుమన్నాయి. తల కిందికి ఉండేలా పట్టుకుంటే ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు ధారగా కారాయి. అవి కింద పరిచిన తివాచీ మీద పడ్డాయి.

"ఏటమ్మా అది, దేవుణ్ణి తలకిందులు సేత్తన్నావు?" అన్నారు గంగరాజు గారు లేచి నిలబడి.

"దీనికి ఈత రాదండీ. ఇది నేల మీద బతికేది. మునిగిపోతోంది."

"కూర్మానికి ఈత రాకపోడం ఏటమ్మా?" కనకరత్నం గారు నవ్వింది. చుట్టాలూ నవ్వారు.

"మీ అందరి ముందూ మునిగిపోతోంది. దాని కాళ్ళు చూడండి. ఇవి ఈదే కాళ్ళా? డాక్టరు గారు రాసిచ్చారు."

"మావోడు ఇంటర్వ్యూకి ఎల్లే ముందర ఇలాటి అపశకునం మాటలు మాటాడకమ్మా," అన్నారు గంగరాజు గారు. గొంతులో మర్యాద ఉంది గానీ అది ఆజ్ఞే. "ఎట్టీ, తొట్టిలో ఎట్టీ."

భీమశంకరరావు మూల నుంచి వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "పెట్టెయ్ కామేశ్వరీ. పదిరోజులే కదా. నన్ను నలుగురిలో తలెత్తుకోనియ్యవా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కళ్ళు తెరుచుకోవడం ఈయన చూశాడు. ఆకు కొరకడం చూశాడు. తెలియదనడానికి వీల్లేదు. చేతిలో డిప్ప చల్లగా, కదలకుండా ఉంది. ఇంట్లో ఒకసారి, ఇక్కడ రెండుసార్లు నిజం చెప్పింది, ముగ్గురికీ ఎక్కలేదు. ఆ క్షణాన కోపంతో ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట, వచ్చేదాకా ఆవిడకే తెలీదు.

"సరే, పెడతాను. నీళ్ళలో కూర్మం ప్రాణం పోతే ఆ ఇంటి పెద్దకొడుక్కి ఏడేళ్ళదాకా ఉద్యోగం రాదు. తరవాత నన్ను అనకండి."

కనకరత్నం గారి మొహంలో నెత్తురు లేదు. ఏ గ్రంథంలో ఉందని గానీ, ఎవరు చెప్పారని గానీ ఒక్కరూ అడగలేదు. గాజుతొట్టిని ఇద్దరు మనుషులు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తారు. కనకరత్నం గారు బీరువాలోంచి కొత్త తువ్వాలు తెచ్చి తన చేత్తోనే తాబేలును చుట్టింది. గంగరాజు గారు డ్రైవర్ని కేకేసి, చేతులు జోడించి కామేశ్వరి ముందు నిలబడ్డారు.

"ఇంతసేపూ మా తొట్టిలో ఉంది కదమ్మా. దోసం ఏటీ అంటదు కదా?"

"బతికితే అంటదు."

"బతికించమ్మా. నీకు పున్నెం ఉంటాది."

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆ ఇంటివాళ్ళంతా మెట్ల మీద నిలబడే ఉన్నారు. ఇప్పుడు అందరికీ ఆ ప్రాణి బతకాలి. వెనకసీట్లో కామేశ్వరి తువ్వాల్లో దాన్ని కడుపుకి అదుముకుని కూర్చుంది. నిజానికి లేని బలం తన అబద్ధానికి ఎలా వచ్చిందని ఆవిడకి ఏడుపొస్తోంది.

ఇంటికి రాగానే పెట్టెలో బల్బు కింద పెట్టి, తల కాస్త వాలుగా ఉండేలా కింద గుడ్డ మడిచి వేసింది. ఆ రోజంతా అది కదల్లేదు. మర్నాడూ ఆకు ముట్టలేదు. ముక్కులో మళ్ళీ బుడగలు. డాక్టరు గారు వచ్చి, గేదెకిచ్చే మందుని చుక్కకి చుక్క లెక్కగట్టి సూదితో పొడిచి వెళ్ళారు. గంగరాజు గారి డ్రైవరు రోజుకి రెండుసార్లు వచ్చి గేటు బయట నిలబడి, సామికి ఎలాగుందని అడిగి పోయేవాడు. నాలుగో రోజు పొద్దున్న వరండాలో ఎండలో పెడితే అది మెడ చాచింది. ఒక కాలు, ఇంకో కాలు. పొన్నగంటాకు దాకా నడిచింది. కొరికింది.

భీమశంకరరావు ఇదంతా గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ వేళ ఆయనే గంగాళం తోమించి అటకెక్కించేశాడు. తరవాత వచ్చి పెట్టె పక్కన గొంతుక్కూర్చుని మెల్లిగా అడిగాడు.

"ఎండ ఏ వేళప్పుడు తగలాలన్నావు?"

"ఎనిమిది నుంచి పది. అద్దంలోంచి కాదు, నేరుగా."

"అద్దంలోంచి తగిలితే దోషమా?"

జులై నుంచీ ఇదే మాట ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉంది. డాక్టరు గారి కాగితం ఇప్పటికీ దేవుడి పటం వెనకాలే ఉంది, ఆయన ఒక్కనాడూ విప్పి చూడలేదు. దోషమూ లేదు, ఏడేళ్ళూ లేవు, అంతా నేను అల్లిందే అని మొహం మీదే చెప్పాలని ఆవిడకి నోటిదాకా వచ్చింది. చెబితే వచ్చే ఆదివారం మళ్ళీ కారొస్తుంది.

"దోషమే," అంది. "పాలు పోసినా దోషమే. నూనె రాసినా దోషమే."

ఆయన ఒక్కొక్క మాటకీ తలూపాడు. ఆఫీసులో పెద్దాయన చెప్పేది వింటున్నంత శ్రద్ధగా విన్నాడు. అంతా విని, నిజంగానే నొచ్చుకున్న గొంతుతో అన్నాడు.

"ఇంత ముఖ్యమైన సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు కామేశ్వరీ?"